ముందు ఎడమ చక్రం

ఆ శనివారం పొద్దున వినోద పెట్టుకున్న పనులు మూడే. కొడుక్కి డబ్బాలో పులిహోర కట్టాలి. జీపు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాలి. జీపు సందు మలుపు తిరిగేదాకా ఏడవకూడదు. మొదటి రెండూ చేయగలనని ఆమెకు నమ్మకముంది. మూడోది మాత్రం కొడుకు రిక్షాలో బడికి పోయిన మొదటి రోజు నుంచీ ఆమెకు చేతకాలేదు.

సుబేదారిలో సందు చివరి ఇల్లు వాళ్లది. కుక్క మొరిగితే దొంగలొచ్చారనీ, మొరగకపోతే కుక్కను చంపి మరీ దొంగలొచ్చారనీ అనుకునే మనిషి వినోద. భర్త ఓంప్రకాశ్ బడిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెళ్లైన కొత్తలోనే రాత్రిపూట చెవుల్లో దూది పెట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాడు కాబట్టి ఆయన ఆరోగ్యం బాగానే ఉంది.

ఒక్కగానొక్క కొడుకు భానుచందర్ చేతులు మారిన పాత జీపు ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి, బురదలో దింపినా రాళ్లమీద ఎక్కించినా పోతుంది. పాలంపేట వైపు పొలాల్లో కాలువల సర్వే జరుగుతోంది. మామూలు కార్లు అక్కడి రేగడిలో కూరుకుపోతున్నాయని, సర్వే ఇంజనీరు రాజేశ్వర్ రావు ఇలాంటి జీపు కోసం చూస్తున్నాడు. ఈ ఒక్క రోజు నడిపి చూపించాలి. నచ్చితే వానలు పడేదాకా పని. నచ్చకపోతే ఏం చేయాలో కూడా భానుచందర్ ముందే చెప్పేశాడు.

"ఇది కుదరకుంటె సోమవారం లారీ ఎక్కుత అమ్మా. నాగపూర్ లైన్ల దోస్తుగాడు సీటు పట్టిపెట్టిండు."

ఆ రాత్రి నుంచి వినోదకు అన్నం సయించలేదు. లారీ అంటే ఆమె కళ్లముందు కదిలేది ఒకటే. మూడు వారాల కింద ఎవరో ఫోనులో ఒక వీడియో పంపారు. అందులో ముందు ఒక చక్రం పోతూంటుంది, వెనక దాని లారీ పోతూంటుంది. చక్రం నెమ్మదిగా చెరుకుతోటలోకి తిరుగుతుంది, లారీ మాత్రం తిరగదు. ఆ వీడియో ఆమె పదకొండుసార్లు చూసింది. ఎన్నిసార్లు చూసినా లారీ తిరగలేదు.

వీడియో చూసిన నాటి నుంచే ఆమె ఒక పని మొదలుపెట్టింది. తెల్లవారుజామున వాకిట్లో నీళ్లు చల్లి, ముగ్గు వేసి, కొడుకు లేవకముందే జీపు దగ్గరికి పోయేది. రేకుల షెడ్డులో దొరికిన ఏదో పెద్ద బండి పానా ఒకటుంది. అది జీపు నట్లకు కొంచెం వదులు. పాత చిలకపచ్చ చీర చించి, ఆ పీలిక నట్టు చుట్టూ పెట్టి, పానా బిగించి, దాని మీద రెండు కాళ్లతో నిలబడి, గోడ పట్టుకుని మూడుసార్లు ఎగిరేది. తన బరువు చాలదని అనుమానం వస్తే పాలు పోసేవాణ్ని పిలిచేది. గ్యాసు బండ తెచ్చేవాణ్నీ పిలిచేది. "జర ఒక్క చుట్టు తిప్పిపో బిడ్డా, నీకు పుణ్యముంటది" అనేది. గ్యాసాయన బలమైన మనిషి, పుణ్యం మీద ఆశ కూడా ఉన్నవాడు.

పొద్దున ఆరింటికి నిమ్మకాయ పెడదామని వంగితే ముందు ఎడమ చక్రం నేలకు అంటుకుపోయి ఉంది. టైరులో వేలెడు మేకు.

"పంచరే గదమ్మా. గదానికి మొకం అట్ల పెడ్తవేంది?" అన్నాడు భానుచందర్ పళ్లు తోముకుంటూ. "పది నిమిషాల్ల స్టెప్నీ మారుస్త. పదింటికి గద సారును ఎక్కించుకునేది."

పది నిమిషాల్లో మూడు నట్లు వచ్చాయి. అవి కూడా పంటి నొప్పున్నవాడు మూలిగినట్టు మూలిగి వచ్చాయి. మిగిలిన రెండూ కదలలేదు. భానుచందర్ పానా మీద కాలు పెట్టి తొక్కాడు. తర్వాత ఎక్కి నిలబడ్డాడు. ఆ తర్వాత ఎగిరాడు. పానా సర్రున జారింది, వాడు ముగ్గు మీద కూలబడ్డాడు. లేచి చూసేసరికి నట్టు మూలలు అరిగి గోలీకాయలా గుండ్రంగా మెరుస్తున్నాయి.

"గీ నట్లను మనిషే బిగించిండా?" అన్నాడు వాడు, ముగ్గుపిండి దులుపుకుంటూ.

తల్లి లోపలికి పోయి చాయ్ పెట్టింది.

అరగంటకు మెకానిక్ ఫకీర్ మహమ్మద్ పాత స్కూటరు మీద వచ్చాడు. నలభై ఏళ్లుగా చౌరస్తాలో దుకాణం. నెల కింద ఆ జీపుకు టైర్లు మార్చింది ఆయనే. ఆయన చక్రం ముందు కూర్చున్నాడో లేదో భానుచందర్ అందుకున్నాడు.

"నువ్వే గద చాచా బిగించింది. గిట్లనా బిగించేది? ఇయ్యాల నా బతుకు గీ రెండు నట్ల మీదున్నది."

"నట్టు ఎంత బిగియ్యాల్నో నా మోచెయ్యి చెప్తది బేటా," అన్నాడు ఫకీర్ మహమ్మద్ మెల్లగా. "ఇది నా మోచెయ్యి కాదు. ఇది ఎవడో పైల్వాన్ పని."

ఆయన కళ్లద్దాలు పైకి తోసి, స్క్రూడ్రైవర్ మొనతో నట్టు వెనక గెలికాడు. చిలకపచ్చ గుడ్డ పీలిక ఒకటి బయటికి వచ్చింది. దాన్ని చూశాడు. తల ఎత్తి, చాయ్ గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డ వినోదను చూశాడు. చెయ్యి కాలకుండా ఆమె గిన్నెకు పెట్టుకున్న గుడ్డ కూడా చిలకపచ్చదే.

వినోదకు జరగబోయేది కళ్లకు కట్టింది. అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తాడు. కొడుకు ఈ జన్మలో తనతో మాట్లాడడు. లారీ ఎక్కుతాడు. చక్రం చెరుకుతోటలోకి పోతుంది.

ఫకీర్ మహమ్మద్ ఆ పీలికను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"గల్తీ నాదే అయ్యుంటది బేటా. వయసు మీద పడ్డది గద. చెల్లె, చాయ్ ఇటియ్యి."

వినోద పోసిన చాయ్ సగం సాసరులో పడింది. ఆయన సాసరుదే తాగాడు.

పని ఎలా చేయాలో ఆయన చెప్పాడు. అరిగిన నట్టును ఈ పానా పట్టదు. ఒక సైజు చిన్న బాక్సు పానాను సుత్తితో కొట్టి నట్టు మీదికి ఎక్కించాలి, అది కొరుక్కుని పట్టుకుంటుంది. కానీ తిప్పడానికి పొడుగు పిడి కావాలి. ఆయన దగ్గరున్నది పోయిన వారమే విరిగింది. పైపు తొడిగినా ఇద్దరి బలం చాలదు. తెలియనివాళ్లను పిలిచి అడ్డదిడ్డంగా లాగిస్తే నట్టు తిరగదు, అది ఎక్కే బోల్టు, స్టడ్డు, విరుగుతుంది.

"మా తమ్ముని దగ్గర ఉంటది," అంది వినోద. తమ్ముడు చంద్రమౌళి డోర్నకల్‌లో ఉంటాడు. రైల్వేలో వ్యాగన్ల మరమ్మతు చేసి రిటైరైనవాడు.

ఆమె ఫోను చేసింది. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఎందుకంటే వినోద ఏడవలేదు. ఏడిస్తే నిజం నోట్లోంచి జారిపోతుందని భయపడి, జీవితంలో మొదటిసారి గొంతు నిమ్మళంగా పెట్టుకుని మాట్లాడింది.

"తమ్మీ, మంచిగున్నవా?"

"ఏమైందక్కా?"

"ఏం కాలే. ఫికరేం లేదు. రైల్వేల ఉన్నప్పుడు నీ దగ్గర పొడుగు పిడి పానా ఉండె గద. అది పట్టుకొని జర రారాదు. వీలైతెనే రా."



"బావ ఏడున్నడక్కా?"

"పండుకున్నడు."

"లేస్తలేడా?"

"లేపలేదురా. లేచి ఏం జేస్తడు? పండుకోనీ."

"భాను?"

"బయట కూసున్నడు, తల పట్టుకొని."

"అక్కా," అన్నాడు చంద్రమౌళి. "ధైర్యంగ ఉండు."

"ధైర్యంగనే ఉన్న గదరా," అంది వినోద. దాంతో ఆయనకు మిగిలిన ఆ కాస్త ఆశ కూడా పోయింది.

ఆయన తప్పేమీ లేదు. ఈ అక్క ఇంతకుముందు భానుకు ఎక్కిళ్లు వస్తే ఫోను చేసి ఏడ్చింది. కరెంటు పోతే ఏడ్చింది, వస్తే షాకు కొడుతుందేమోనని ఏడ్చింది. అలాంటిది ఇవాళ నిమ్మళంగా మాట్లాడుతోంది. పైగా వాళ్లలో చావు కబురు ఫోనులో చెప్పే అలవాటు లేదు. వచ్చేవాళ్ల గుండె దారిలో ఆగకూడదని, "జర పనుంది, వచ్చిపో" అని ఏదో చిన్న పని చెప్పి పిలుస్తారు. ఆ మర్యాద తెలిసిన మనిషి గనుక చంద్రమౌళి పానా గురించి మళ్లీ ఆలోచించనేలేదు.

తొమ్మిదిన్నరకు సందులో స్టేషన్ నుంచి వచ్చిన ఆటో ఆగింది. చంద్రమౌళి దిగాడు. వెనక ఆయనతో కలిసి పనిచేసిన ముగ్గురు దోస్తులు దిగారు. నలుగురి భుజాల మీదా తెల్ల తువ్వాళ్లు. ఒకాయన చేతిలో బారెడు బంతిపూల దండ, ఇంకొకాయన చంకలో కొత్త ధోవతి. భానుచందర్, ఫకీర్ మహమ్మద్ అప్పుడు జీపు అవతలి పక్క కిరోసిన్ పోస్తూ వంగి ఉన్నారు, వీళ్లకు కనబడలేదు. చంద్రమౌళి తిన్నగా లోపలికి పోయి అక్కను పట్టుకుని బావురుమన్నాడు.

"ఎంత పనైపాయెనే అక్కా!"

వినోదకు ఇంకొకటి అర్థమైంది. డోర్నకల్ దాకా తెలిసిపోయిందన్న మాట. మూడున్నర గంటలుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నేనే జేసిన తమ్మీ. నా చేతులతోనే జేసిన."

చంద్రమౌళి ఏడుపు ఆగిపోయింది.

"ఏం జేసినవు?"

"గట్టిగ బిగించిన. చీరె పీలిక చుట్టు పెట్టి బిగించిన. నా బలం చాలకుంటె గ్యాసాయనను గూడ పిలిచిన."

చంద్రమౌళి వెనక్కి చూశాడు. దోస్తులు ముగ్గురూ అప్పటికే గడప దాకా వెనక్కి పోయి ఉన్నారు.

"ఇంకెవలకన్న ఎరుకనా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఫకీరన్నకు ఎరుక. పీలిక ఆయనకు దొరికింది. జేబుల దాసుకున్నడు, భానుకు చెప్పలే. ఎంత మంచోడో తమ్మీ, ఆ నేరం తన మీదనే ఏసుకున్నడు."

చంద్రమౌళి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. నలభై ఏళ్ల సంసారంలో మాటా మాటా రావడం మామూలే, కానీ అక్క ఇంత దూరం పోతుందని ఆయన అనుకోలేదు. "దేనికోసమక్కా?" అని మాత్రం అడగగలిగాడు.

"ఊడిపోతదేమోనని భయమురా," అంది వినోద ముక్కు తుడుచుకుంటూ.

అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుని ఓంప్రకాశ్ బయటికొచ్చాడు. చెవుల్లోంచి దూది తీసుకుంటూ బామ్మర్దిని చూశాడు, తువ్వాళ్లను చూశాడు, దండను చూశాడు.

"చెప్పకుండ వచ్చినవేంది చంద్రమౌళీ? గీ దండ ఎవలికి?"

చంద్రమౌళి రైల్వేలో ముప్పై ఐదేళ్లు పనిచేసినవాడు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దలకు నిలబడి జవాబు చెప్పినవాడు.

"బండికి బావా," అన్నాడు. "భాను కొత్త పని మొదలుపెడ్తాండు గద."

"మరి ధోవతి?"

"అది నీకే."

ఓంప్రకాశ్ దాన్ని అందుకుని అంచు నలిపి చూశాడు. "మంచి బట్ట," అన్నాడు.

అక్కాతమ్ముళ్ల మధ్య సంగతి తేటపడడానికి ఇంకో అయిదు నిమిషాలు పట్టింది. చంద్రమౌళి ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆ తర్వాత బావ బతికి ఉన్నందుకు మళ్లీ కొంచెం ఏడ్చాడు. వినోద మాత్రం ఒకటే మాట అడిగింది.

"అది సరే గని, పానా ఏది?"

"ఏ పానా?"

"నేను తెమ్మన్న పానా."

చంద్రమౌళి దోస్తుల వంక చూశాడు. "దండ తెచ్చినం," అన్నాడు ఒకాయన నీరసంగా.

వినోద గడియారం చూసింది. పదికి పావు తక్కువ. గడపలోనే కూర్చుంది. బయట భానుచందర్ ఎవరికో ఫోనులో చెబుతున్నాడు. "హా, సోమవారమే. లేదురా, ఇక్కడ అయితలేదు. నాగపూర్ బండే ఖాయం చెయ్యి."

ఆ మాట విని వినోద తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "వాడు లారీ ఎక్కుతడురా. నా భయమే వాన్ని లారీ ఎక్కిస్తాంది."

చంద్రమౌళి లేచి వాకిట్లోకి వచ్చాడు. చక్రం చూశాడు. నట్టు మీద కొట్టి ఎక్కించిన బాక్సు పానాను వేలితో తట్టి చూశాడు. తల ఎత్తి మిద్దె వైపు చూశాడు. అక్కడ బట్టలారేసే దండేనికి ఇనుప పైపు ఉంది.

"ఫకీర్ భాయ్, పిడి లేకుంటెమాయె. పైపు తొడుగుదాం."

"ఇద్దరి బలం చాలదు సాబ్. నలుగురు కావాలె. అందరు ఒక్క తీరు గుంజెటోళ్లు కావాలె."

"మేము నలుగురమే," అన్నాడు చంద్రమౌళి. "మోసెతందుకే వచ్చినం. గుంజలేమా?"

ఓంప్రకాశ్ మిద్దెక్కి పైపు ఊడదీశాడు. ఆయన బనీన్లు రెండు పక్కింటి వాకిట్లో పడ్డాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఫకీర్ మహమ్మద్ బాక్సు పానాను నట్టు మీద నిటారుగా అదిమి పట్టుకున్నాడు. నలుగురు రైల్వే మనుషులు తువ్వాళ్లు నడుముకు చుట్టి, పైపు పట్టుకుని, వరసగా నిలబడ్డారు. ఎవరి వయసూ అరవైకి తక్కువ లేదు. కానీ చంద్రమౌళి గొంతెత్తి "జోర్ లగాకే" అనగానే మిగిలిన ముగ్గురూ "హైసా" అన్న తీరు చూస్తే, ఆ నాలుగు వీపులూ ఒకే మనిషివి అనిపించింది. ఒక్కరు కూడా కుదపలేదు. పట్టాల మీద వ్యాగన్‌ను ఎట్లా కదిలిస్తారో అట్లా, నెమ్మదిగా, సమంగా లాగారు.

రెండు హైసాలకు ఏమీ కాలేదు. మూడోదానికి నట్టు కెవ్వుమంది. వినోద కూడా కెవ్వుమంది. నట్టు తిరిగింది.

రెండో నట్టుకు ఒక్క హైసా చాలింది. ఫకీర్ మహమ్మద్ స్టడ్ల మరలు వేలితో తడిమి, బాగున్నాయని తల ఊపి, కొత్త నట్లతో స్టెప్నీ ఎక్కించాడు. "ఎట్లాగు వచ్చినం గద," అని ఆ నలుగురూ మిగిలిన మూడు చక్రాల నట్లు కూడా వదులు చేశారు. ఫకీర్ మహమ్మద్ వాటిని తన మోచేతి కొలత ప్రకారం మళ్లీ బిగించాడు. బంతిపూల దండ జీపు ముందర కట్టారు. అబద్ధం అయినా ఆడినదాన్ని నిలబెట్టుకోవాలి కదా.

పదీ ఇరవైకి ఇంజనీరు రాజేశ్వర్ రావు, ఎదురుచూసి విసిగి, గొడుగు వేసుకుని నడుచుకుంటూ సందులోకి వచ్చాడు. ముఖం చూస్తేనే భానుచందర్‌కు సోమవారం కనబడింది.

"పది అంటె పది, బాబూ. మొదటి రోజే గిట్లయితె ఎట్ల?"

"నట్లు పట్టేసినయి సార్. ఇప్పుడే అయింది."

"ఎవరు నీ మెకానిక్? గట్ల బిగించెటోని చేతికి బండి ఇస్తె నేను ఎక్కుడెట్ల? ముందు మెకానిక్‌ను మార్చు, తర్వాత మాట్లాడుదాం."

ఫకీర్ మహమ్మద్ లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "గల్తీ నాదే సార్. పిలగాన్ని ఏమనకున్రి," అన్నాడు. ఆ చేతులు తెల్లారినప్పటి నుంచి ఆ చక్రం మీదే ఉన్నాయి, వేళ్ల కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి.

వినోదకు కొత్త మనిషి ముందు మాట్లాడాలంటే భయం. కొడుకుతో నిజం చెప్పాలంటే అంతకంటే భయం. కానీ ఆ కణుపులు చూశాక ఆ రెండు భయాలకూ నోరు లేకుండా పోయింది.

"ఆయనది కాదు సారూ, నాది," అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొత్తం చెప్పింది. వీడియో చెప్పింది, పానా చెప్పింది, గోడ పట్టుకుని ఎగిరిన సంగతి చెప్పింది. "దినాం బిగించిన. చక్రం ఊడితె నా కొడుకు ఆగమైతడని. నమ్మకుంటె పీలిక ఫకీరన్న జేబుల ఉన్నది చూడున్రి. ఆయన నలభై ఏండ్ల పేరు నాకోసం పోగొట్టుకుంటాండు. పని నా కొడుక్కు ఇయ్యకుంటె ఇయ్యకున్రి, ఆయననేమనకున్రి."

భానుచందర్ తల్లిని చూశాడు. ఫకీర్ మహమ్మద్ వైపు తిరిగి, "చాచా," అని, ఆయన చేతిలోని మసిగుడ్డ తీసుకుని తన చేతులు తుడుచుకున్నాడు. ఫకీర్ మహమ్మద్ వాడి భుజం తట్టాడు.

రాజేశ్వర్ రావు గొడుగు మూశాడు.

"దినామా అమ్మా?"

"దినాం సారూ. శుక్రవారం రెండుసార్లు."

ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "పోయిన సీజన్ల ఒక జీపు మాట్లాడుకున్న," అన్నాడు. "చక్రం జర ఊగుతాంది చూడు బాబూ అంటె, ఏం కాదు సార్ అన్నడు డ్రైవరు. మూడు రోజులు ఏం కాదన్నడు. నాలుగో రోజు చక్రం కాలువల పడ్డది. ఎర్రటెండల ఏడు కిలోమీటర్లు నడిచిన. అప్పటిసంది నేను ఎక్కిన ప్రతి బండిల 'ఏం కాదు సార్' అనెటోడే. ఏమన్న అయితదని భయపడ్డ మనిషిని ఇయ్యాల చూసిన." ఆయన ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "వానలు పడేదాక నీదే బండి బాబూ. నట్లు మాత్రం ఈ భాయే బిగించాలె. పా."

జీపు సందు మలుపు తిరగకముందే వినోద ఏడ్చేసింది.

మధ్యాహ్నం ఆ ఇంట్లో ఏడుగురికి వంటయింది. ఫకీర్ మహమ్మద్ ఇంటికి పంపాలని ఇంకో గిన్నె నిండా పులిహోర తీసిపెట్టింది వినోద. "నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె అన్నా?" అంటే ఆయన జేబులోంచి చిలకపచ్చ పీలిక తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గిన్నె పట్టుకునెతందుకు వాడు చెల్లె, దీన్ని," అన్నాడు. రైల్వే దోస్తులు ముగ్గురికీ ఆమె రెండుసార్లు నెయ్యి వడ్డించింది. తనకు ఇంతమంది ఉన్నారని, పానా అడిగితే మనుషులే వస్తారని, ఆమెకు ఆ పూట వరకూ తెలియదు. కొత్త ధోవతి కట్టుకుని ఎదురుగా కూర్చున్న భర్తను చూస్తే ఒంట్లో వణుకు పుట్టింది గానీ, తింటున్నాడు కదా అని ఊరుకుంది.

సాయంత్రం ఆరింటికి భానుచందర్ పాలంపేట దగ్గరి నుంచి ఫోను చేశాడు. వాడి గొంతులో ఆనందం పట్టలేనంత ఉంది.

"సారుకు మస్తు నచ్చిందమ్మా. ఇయ్యాల రెండు వాగులు దాటిచ్చిన, నీళ్లు బానెట్ దాక వచ్చినయ్. కాలువ గట్టు మీదికెల్లి నడిపిన, గట్టు చక్రమంత ఎడల్పే ఉన్నది. రేపటిసంది అడివిలకు. ఆడ తొవ్వనే లేదు, మనమే చేసుకుంట పోవాలె."

వినోద ఫోను పెట్టేసింది.

"ఇగ నిమ్మళమే గద," అన్నాడు ఓంప్రకాశ్, రాత్రికి దూది వెతుక్కుంటూ. "పని దొరికె. లారీ తప్పె."

"దేవుని దయ, అందరి దయ," అంది వినోద, రెండు చేతులూ జోడించి. "గని లారీ అయితె కనీసం రోడ్డు మీద పోతుండె."